పెదనాన్న ఫియట్ మీద ఉన్నది కంపెనీ పెయింటేనా? ఎలా తేల్చుకోవాలి?

బందరు లడ్డు:

నమస్కారమండీ. బండ్ల గురించి నాకు తెలిసింది తక్కువ, తప్పు రాస్తే సరిదిద్దండి.

మచిలీపట్నంలో మా పెదనాన్నకి 1976 ప్రీమియర్ పద్మిని ఉంది. ఇంట్లో ఎవరమూ పద్మిని అనం, ఫియట్ అనే అంటాం. లేత నీలం. స్టీరింగ్ పక్కన గేరు, ముందు కూడా బెంచీ సీటు. నా చిన్నప్పుడు ముందు ముగ్గురు, వెనక లెక్కలేనంత మంది పిల్లలం ఎక్కి మంగినపూడి బీచికి వెళ్లేవాళ్లం. పెదనాన్నకి ఇప్పుడు ఎనభై రెండు, డ్రైవింగ్ మానేసి ఆరేళ్లయింది. బండి రేకుల షెడ్డులో ఉంది. అన్నయ్య నెలకోసారి స్టార్ట్ చేసి వీధి చివరిదాకా తిప్పి తెస్తాడు.

ఈమధ్య బెంగళూరు నుంచి పాత కార్లు కొనే ఆయన ఒకరు ఫోటోలు చూసి ఫోన్ చేశారు. ఆయన అడిగిన మొదటి ప్రశ్నే "పెయింట్ కంపెనీదా, మళ్లీ కొట్టించారా?" అని. కంపెనీదైతే ఒక రేటు, కాకపోతే ఇంకో రేటట. ఆ రెండింటికీ మధ్య తేడా విని అన్నయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

పెదనాన్నని అడిగితే "నా బండికి ఇంతవరకు పెయింటర్ చెయ్యి తగల్లేదు" అని తేల్చి చెప్పారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. కానీ ఎండలో నిలబెట్టి చూస్తే టాపు నీలానికీ డోర్ల నీలానికీ ఏదో తేడా ఉన్నట్టనిపిస్తోంది నాకు. టాపుకి ఎండ ఎక్కువ తగులుతుంది కదా అంటాడు అన్నయ్య. అదీ నిజమే.

ఆర్‌సీలో నీలం అనే ఉంది. అదే నీలం మళ్లీ కొట్టించినా నీలమనే ఉంటుంది కాబట్టి దానివల్ల ఒరిగిందేమీ లేదు. పాత ఫోటోలు రెండున్నాయి, రెండూ బ్లాక్ అండ్ వైట్. బిల్లులన్నీ చెదలు తినేశాయి. పై ఆదివారం ఆయన చూడ్డానికి వస్తున్నారు. ఈలోగా బండికి ఏ నష్టమూ లేకుండా మాకు మేమే తేల్చుకునే దారి ఉందా? తెలియకుండా అబద్ధం చెప్పి అమ్మినవాళ్లం కాకూడదు. అలాగని పెదనాన్న మాట నమ్మనట్టు ఆయన ఎదుటే భూతద్దం పట్టుకుని తిరగడమూ ఇబ్బందే.

మైక్రాన్ మూర్తి:

పెయింట్ థిక్‌నెస్ గేజ్ అని దొరుకుతుందండీ. అరచేతిలో పట్టేంత ఉంటుంది, ఆన్‌లైన్‌లో రెండు మూడు వేల నుంచి ఉన్నాయి. సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మేవాళ్లెవరైనా తెలిస్తే అరువు తెచ్చుకోండి. రేకు మీద ఆనించగానే పైన పూత ఎంత మందముందో మైక్రాన్లలో చూపిస్తుంది. వెయ్యి మైక్రాన్లయితే ఒక మిల్లీమీటరు. కంపెనీ పూత మామూలుగా 80 నుంచి 150 దాకా ఉంటుంది. దాని మీదే ఇంకోసారి కొడితే 200, 300కి వెళ్తుంది. కింద సొట్టలు పూడ్చే లప్పం ఉంటే 500 దాటుతుంది, ఒక్కోసారి వెయ్యి కూడా.

మొదలుపెట్టే ముందు దాంతో ఇచ్చే ఇనుప బిళ్ల మీద సున్నాకి సెట్ చేసుకోవాలి. ఈ పని చాలామంది మర్చిపోయి తర్వాత గేజ్‌ని తిడతారు. ఒక తెల్లకాగితం మీద కారు బొమ్మ గీసుకుని, ఒక్కో రేకు మీద ఎనిమిది పది చోట్ల కొలిచి ఎక్కడికక్కడ అంకె వేయండి. ఒక చోట 130 వచ్చిందంటే దానివల్ల తెలిసేదేమీ లేదు. అన్ని డోర్లూ 110 చూపించి, ఒక్క డోరు మాత్రం 280 చూపిస్తే అప్పుడు ఆలోచించాలి.

నేనొకసారి అంబాసిడర్ ఒకటి "కంపెనీ పెయింట్ సార్, గ్యారంటీ" అన్న మాట మీద కొన్నాను. ఇంటికి తెచ్చి కొలిస్తే మూడు డోర్లు 120లో ఉన్నాయి. నాలుగో డోరు 1400. డోరు కాదు, లప్పంతో చేసిన విగ్రహం. అప్పట్నించీ గేజ్ జేబులో లేకుండా బండి చూడ్డానికి వెళ్లను.

రింగ్‌రోడ్ రాజు:

గేజ్ దొరక్కపోతే ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం చాలు. గీతలు పడకుండా పల్చటి గుడ్డలో చుట్టి ఆనించండి. లప్పం మందంగా ఉన్నచోట పట్టుకోకుండా జారిపోతుంది. పల్చటి లప్పాన్నీ, ఉత్త రీపెయింట్‌నీ మాత్రం ఇది పట్టుకోలేదు.

అయినా ఇంత టెన్షన్ ఎందుకండీ? శనివారం మంచి పాలిష్ కొట్టించి తళతళలాడించి చూపించండి. చూడగానే పడిపోతాడు.

ఆటోనగర్ తాత:

రాజు గారి ఆఖరి ముక్క మాత్రం వినకు బాబూ. ఇలాంటి బండి కొనడానికి వచ్చేవాడు మెరుపు చూసి పడిపోడు, మెరుపు చూసి అనుమానపడతాడు. పాలిష్ వద్దు, వ్యాక్స్ వద్దు, గీత కనబడిందని టచప్ అసలే వద్దు. దుమ్ము నీళ్లతో కడిగి వదిలెయ్.

నేను బెజవాడ ఆటోనగర్‌లో 38 ఏళ్లు పెయింటర్‌గా చేశాను. నేను చెబుతుంటే మా మనవడు టైపు చేస్తున్నాడు. ఈ చేతులతో వందల ఫియట్లు, అంబాసిడర్లు కొట్టాను కాబట్టి ఎక్కడెక్కడ దొరికిపోతామో నాకు తెలుసు. అది చెబుతా.

పెయింటర్ ఎక్కడ పని చేశాడని వెతికితే నీకు పొద్దుపోతుంది. ఎక్కడ చెయ్యడో అక్కడ మొదలుపెట్టు. డ్యాష్‌బోర్డు కింద పడుకుని టార్చి వేసి పైకి చూడు. వెనక సీటు లేపు. డిక్కీలో స్టెప్నీ తీసి, రబ్బరు మ్యాట్ కింద చూడు. టెయిల్ లైటు విప్పి దాని రబ్బరు వెనక చూడు. ఇంజన్ ఊడదీసి బాడీ నున్నగా గీకి కొట్టే పని కాకపోతే అక్కడిదాకా మేం ఎవరం పోం, పార్టీ అన్ని డబ్బులు ఇవ్వడు. అంటే అక్కడున్నది కంపెనీ కొట్టిందే. ఆ నీలం ఎలా ఉంది, దాని కింద ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే పూత, ఏ రంగు, చూసి గుర్తుపెట్టుకో. ఆ తర్వాత బయటి రేకుల్ని దాంతో పోల్చు. ఫియట్‌కి ఏ ప్రైమర్ వాడారని ఊళ్లో వాళ్లని అడక్కు, తలా ఒకటి చెబుతారు. నీ బండికి నీ బండే సాక్షి.

ఇక థిన్నర్ పరీక్ష. ఫ్యాక్టరీలో పూత పూశాక కాలుస్తారు, గట్టిపడిపోతుంది. మా షెడ్లలో అప్పట్లో ఓవెన్ ఎక్కడిది? బెజవాడ ఎండే మా ఓవెన్. అందుకని మేం ఎక్కువగా ఎన్‌సీ పెయింట్ కొట్టేవాళ్లం, డ్యూకో అనే వాళ్లం కదా, అదే. గాలికే ఆరుతుంది. కానీ దానికొక బలహీనత ఉంది. నలభై ఏళ్లు పోయాక కూడా థిన్నర్ తగిలితే కరిగి గుడ్డకి వచ్చేస్తుంది. కాల్చిన పూత అలా రాదు. చెవిలో పెట్టుకునే దూదిపుల్ల ఒకటి ఎన్‌సీ థిన్నర్‌లో ముంచి, ముందు డ్యాష్ కింద రుద్దు, తర్వాత బయట ఎవరికీ కనపడని అంచున రుద్దు. రెండు పుల్లలూ పక్కపక్కన పెట్టి చూడు. మధ్య రేకు మీద మాత్రం పొరపాటున కూడా రుద్దకు, మచ్చ పడితే పోదు. అమెరికాలో జనరల్ మోటార్స్ లాంటి వాళ్లు ఫ్యాక్టరీలోనే లాకర్ అని ఇలాగే థిన్నర్‌కి కరిగే పెయింట్ కొట్టేవాళ్లు, అలాంటి బండైతే లోపలా బయటా కూడా కరుగుతుంది. అందుకే లోపల రుద్దకుండా బయట ఒక్కచోట రుద్ది తీర్పు చెప్పకూడదు.

ఈమధ్య కొట్టిన పీయూ పెయింట్, అంటే పాలీయురేథేన్, థిన్నర్‌కి లొంగదు. దానికి వేరే చిట్కా ఉంది. తెల్ల గుడ్డ మీద కాస్త రబ్బింగ్ కాంపౌండ్ వేసి మూల మీద రెండుసార్లు రుద్దితే మీ కాలం బండికి గుడ్డ నీలమవ్వాలి. గుడ్డకి రంగు రాలేదంటే పైన క్లియర్ కోటు, అంటే రంగులేని పూత, ఉందన్నమాట. 1976లో మన ఫియట్‌కి క్లియర్ కోటు ఎక్కడిది?

అద్దాల చుట్టూ రబ్బరు బీడింగ్ ఉంటుంది కదా, దాని అంచు లేపి కింద మెట్టులాగా గోరుకి తగులుతుందేమో చూడమని అందరూ చెబుతారు. టేపు వేసి కొడితే ఆ మెట్టు వస్తుంది, నిజమే. కానీ అది లేదని సంబరపడకు. పార్టీ మంచోడైతే మేం రబ్బరు అంచు కింద సన్నటి తాడు దూర్చుకుంటూ చుట్టూ లేపి, కిందిదాకా స్ప్రే పోనిచ్చి, తర్వాత తాడు లాగేసేవాళ్లం. గోరుకి ఏమీ తగలదు. నేను కొట్టిన బండ్లలో మెట్టు కనబడితే మా మేస్త్రీ ఆ రోజు టీ కూడా ఇప్పించేవాడు కాదు.

తాడు దూర్చలేని చోటు ఒకటుంది, టాపు చుట్టూ వాన నీళ్లు పోయే సన్నటి గాడి, గట్టర్ అంటాం. ఫ్యాక్టరీలో అక్కడ రెండు రేకులు కలిపి స్పాట్ వెల్డింగ్ చేస్తారు. గట్టర్‌లో వేలు పెట్టి నెమ్మదిగా జరుపుకుంటూ పో. శనగగింజ నొక్కినట్టు వరసగా గుంటలు తగులుతాయి. ఆ గుంటలు ఎక్కడైనా మాయమైపోయి నున్నగా ఉంటే అక్కడ లప్పం పడిందన్నమాట. ఎంత మంచి పెయింటరైనా ఆ గుంటలు మళ్లీ పెట్టడు.

మూర్తి గారి మిషన్ మంచిదే, తప్పక వాడండి. కాకపోతే మొత్తం గీకేసి ఇనుము మీద నుంచి కొత్తగా పల్చగా కొడితే అదీ 120 చూపిస్తుంది. అంకె బాగుందని కంపెనీదే అనుకోకూడదు. అలాగే యాభై ఏళ్లు తుడిచీ తుడిచీ అంచుల్లో అరిగిపోయిన కంపెనీ పూత 50, 60 కూడా చూపిస్తుంది, అప్పుడు కంగారు పడకూడదు.

ఇవన్నీ చేశాక కూడా అనుమానం మిగిలితే ఆఖరి దారి. గట్టర్ పక్కనే, మడతలో, కందిబద్దంత చోటు. వెయ్యి నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) చిన్న ముక్క పెన్సిల్ వెనక రబ్బరుకి చుట్టి, సబ్బు నీళ్లలో ముంచి, నెమ్మదిగా గుండ్రంగా తిప్పు. కంగారు పడితే ఇనుము తేలుతుంది. ఓపికగా తిప్పితే ఉల్లిపాయ అడ్డంగా కోసినట్టు పొరలన్నీ ఒకదాని చుట్టూ ఒకటి రింగుల్లా కనబడతాయి. రింగులు లెక్కపెట్టు. రంగు, ప్రైమర్, ఇనుము అయితే ఎవరూ ముట్టుకోలేదు. రంగు, ప్రైమర్, మళ్లీ రంగు వచ్చిందంటే మావాడెవడో వచ్చి వెళ్లాడు.

బందరు బండి అంటున్నావు. ఉప్పు గాలి. డోర్ల కింది అంచులు యాభై ఏళ్లు ఏ మరమ్మతూ లేకుండా ఉన్నాయంటే నేను నమ్మను. ముందక్కడ చూడు.

బందరు లడ్డు:

తాతగారూ, నేను బాబుని కాదు, అమ్మాయిని :) ఏం పర్లేదు. మీరు చెప్పినవన్నీ చేశాం. పెదనాన్న మధ్యాహ్నం పడుకున్నాక, రెండు రోజులు. అన్నయ్య ఫ్రెండ్ దగ్గర గేజ్ దొరికింది.

డ్యాష్ కింద దూరితే యాభై ఏళ్ల సాలెగూళ్లతో పాటు నీలం కనబడింది. కొత్తదానిలా ఉంది, కింద బూడిద రంగు ప్రైమర్. వెనక సీటు కింద, టెయిల్ లైటు వెనక కూడా అదే. అక్కడ దూదిపుల్ల తెల్లగానే వచ్చింది. నాలుగు డోర్ల అంచుల్లోనూ తెల్లగానే. బానెట్, డిక్కీ కూడా. గేజ్ మీద ఇవన్నీ 90 నుంచి 125 లోపే. కాంపౌండ్ గుడ్డ ఎక్కడ రుద్దినా నీలమైంది.

టాపు దగ్గర కథ మారింది. గేజ్ వెనక వైపు 240 చూపించింది. ముందుకొచ్చే కొద్దీ పెరిగి, డ్రైవరుకి ఎడమ పక్క మూల 950కి పోయింది. గట్టర్‌లో వేలు పెట్టి జరిపాను. కుడి పక్క మొత్తం మీరన్నట్టే వరసగా గుంటలు. ఎడమ పక్క వెనక నుంచి వస్తూ వస్తూ ముందు డోరు మొదలయ్యే చోట ఆగిపోయాయి. అక్కణ్నుంచి జానెడు పొడవు నున్నగా ఉంది. ఆ నున్నదనం వేలికి తగిలినప్పుడు ఒళ్లు జల్లుమంది, నిజంగా. దూదిపుల్ల రుద్దగానే నీలమైపోయింది.

కందిబద్ద పని కూడా చేశాను, చేతులు వణుకుతూనే. వెనక వైపు గట్టర్ మడతలో. ముందు పాలిపోయిన నీలం, తర్వాత ఇటుక రంగు, తర్వాత మళ్లీ నీలం, తర్వాత బూడిద రంగు, మధ్యలో ఆవగింజంత ఇనుము. ఆ లోపలి నీలం బాగా ముదురుగా ఉంది. డ్యాష్ కింద చూసిన నీలమే.

ఎడమ వెనక డోరు కింది అంచు మాత్రం బెత్తెడు మేర 260 ఉంది. థిన్నర్‌కి రంగు రాలేదు. అదేంటో అర్థం కాలేదు.

ఇక అడగక తప్పలేదు. సాయంత్రం కాఫీ ఇచ్చి "టాపు ఎప్పుడైనా చేయించారా పెదనాన్నా" అని మామూలుగా అడిగాను. "చేయించా. ఉప్పెనప్పుడు" అన్నారు, అంతే మామూలుగా.

1977 నవంబరు 19. అప్పుడు ఈ రేకుల షెడ్డు లేదు, పెంకుల షెడ్డు. గాలికి దూలం విరిగి కారు మీద పడింది. టాపు ఎడమ పక్క సొట్టపోయింది. నాలుగు నెలల తర్వాత ఊళ్లోనే తట్టించి రంగు వేయించారట. మరి పెయింటర్ చెయ్యి తగల్లేదన్నారు కదా అంటే ఆయనకి కోపం వచ్చింది. "అది పెయింట్ వేయించడం కాదు, రిపేరు. దివిసీమలో వేల మంది పోయారు. మీ తాత చుట్టాలు రెండిళ్లవాళ్లు కనబడలేదు. కారు టాపు గురించి నేను లెక్క రాసుకుంటానా?" అన్నారు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

బెంగళూరు ఆయనకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను. టాపు ఒక్కటే అయితే ఫర్వాలేదు, మిగతాది ముట్టుకోకుండా ఉంచండి, ఆదివారం వస్తాను అన్నారు. రేటు మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు.

మైక్రాన్ మూర్తి:

ఆ కాగితం మీద వేసిన అంకెల బొమ్మ ఆయనకి ఇవ్వండి. మీరు దాచలేదని దాన్నిబట్టే తెలుస్తుంది. డోరు అంచు 260 ఉండి థిన్నర్‌కి రాలేదంటే తర్వాతెప్పుడో తుప్పుకి చేసిన పీయూ టచప్ అయ్యుంటుంది. మీ అన్నయ్యని గట్టిగా అడగండి.

రింగ్‌రోడ్ రాజు:

పాలిష్ సలహా వెనక్కి తీసుకుంటున్నా.

యాభై ఏళ్లు నిండాక వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు కదా, 2021లో రూల్ వచ్చింది, నంబర్లో వీఏ అని వస్తుంది. టాపు రీపెయింట్ దానికి అడ్డమవుతుందా?

మైక్రాన్ మూర్తి:

ఆ రూల్‌లో ఛాసీ, బాడీ షెల్, ఇంజన్‌లో పెద్ద మార్పులు చేయకూడదని ఉంది. సొట్ట తీయించి అదే రంగు వేయించుకోవడం ఆ లెక్కలోకి రాదని నా ఉద్దేశం. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు మాత్రం 20,000. కొనేవాళ్లే చూసుకుంటారు లెండి.

బందరు లడ్డు:

అన్నయ్య ఒప్పుకున్నాడు. 2011లో, ఎడమ వెనక డోరుకి తుప్పు చిల్లు పడితే, పెదనాన్న కంటి ఆపరేషన్‌కి విజయవాడ వెళ్లిన వారంలో చేయించాడట. అన్ని రోజులూ నా పక్కనే టార్చి పట్టుకుని నిలబడ్డాడు మహానుభావుడు.

ఆటోనగర్ తాత:

అమ్మాయివా తల్లీ, మంచిది. నువ్వు చెప్పిన గుంటల లెక్క చదివించుకుని రెండుసార్లు విన్నాను. మా షెడ్డులో ఉంటే నిన్ను నెల రోజుల్లో మేస్త్రీని చేసేవాణ్ని.

నాకొక సంగతి చెప్పు. డెబ్భై ఎనిమిదిలో రంగు కలిపే కంప్యూటర్లు మనకి లేవు. డబ్బాలో కొంచెం నీలం, కొంచెం తెలుపు, చుక్క నలుపు వేసి కర్రతో తిప్పి, రేకుముక్క మీద పూసి, ఎండలో ఆరబెట్టి, బండి పక్కన పెట్టి కంటితో చూసుకోవడమే. తడి మీద ఒక రంగు కనబడుతుంది, ఆరాక ఇంకోటి. ఒక్కోసారి పొద్దున్న మొదలుపెడితే సాయంత్రానికి కుదిరేది. మీ బండి మీద ఆ రెండు నీలాలూ ఇన్నేళ్లు పక్కపక్కనే ఉన్నా ఇంట్లో ఎవరికీ ఇప్పటిదాకా తేడా తెలియలేదంటే ఆ బందరు పెయింటర్ కన్ను మామూలు కన్ను కాదు. ఎవరో మీ పెదనాన్నకి గుర్తుందేమో అడుగు. అలాగే పొద్దున పదింటికి, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు, టాపు, డోరు రెండూ పడేలా ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టు. చూడాలనుంది.